ఇంట గెలిచే సిమ్

తీగ ద్వారా వచ్చే బ్రాడ్‌బ్యాండ్ పట్టణాలలో వీధివీధికీ చేరినా, ఎన్నో పల్లెలలో, తండాలలో ఇంటి అంతర్జాలమంటే సెల్‌ఫోనులోని సిమ్ కార్డే. 2020లో విద్యాలయాలు మూతపడి పాఠాలన్నీ తెరమీదికి మారినప్పుడు, సిగ్నల్ అందక విద్యార్థులు మేడలెక్కి, పొలం గట్లపై కూర్చుని చదువుకున్న దృశ్యాలు ఇంకా మరుగున పడలేదు. అయినా సిమ్ ఎంపిక నేటికీ ప్రకటనలలోని తారల ముఖాలను బట్టి, పొరుగింటివారి మాటను బట్టి సాగిపోతున్నది.

పొరుగింటి మాట సైతం ఎల్లవేళలా ప్రమాణం కాదు. అందుకు రేడియో తరంగాల స్వభావమే కారణం. 700, 850, 900 మెగాహెర్ట్జ్ వంటి తక్కువ పౌనఃపున్యం గల తరంగాలు ఎక్కువ దూరం ప్రయాణిస్తాయి. గోడలను కొంతవరకు ఛేదించుకొని లోపలికి వస్తాయి. 2300, 2500 మెగాహెర్ట్జ్ తరంగాలు గోడ అడ్డుపడగానే నీరసిస్తాయి. కనుకనే వీధి అరుగుమీద పరుగులు తీసే సిమ్ నడిమింట చతికిలబడుతుంది. పైగా ఒక టవరు సామర్థ్యాన్ని దాని పరిధిలోని వారందరూ పంచుకోవాలి. మధ్యాహ్నపు వేగం రాత్రి ఎనిమిది దాటగానే మందగించడం అందువల్లనే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. సిమ్ విషయంలో రచ్చతో పని లేదు, ఇంట గెలిస్తే చాలు. బంధుమిత్రుల వద్దనున్న వేర్వేరు సంస్థల ఫోన్లను విద్యార్థి చదువుకునే గదిలోనే, పగలొకసారి, రాత్రి ఒకసారి, అరగంటసేపు పాఠం నడిపి చూడడం కంటె మంచి పరీక్ష లేదు. తెరపై గీతలు నిండుగా కనిపించినంత మాత్రాన వేగం ఉన్నట్లు కాదు.

ఇక ధర. రోజుకు 1.5 గిగాబైట్లంటే ఘనంగానే వినిపిస్తుంది. స్పష్టమైన దృశ్యంతో పాఠం చూస్తే గంట, గంటన్నరకే అది ఖర్చయిపోవచ్చు. ఆపైన పలు పథకాలలో వేగం సెకనుకు 64 కిలోబిట్లకు పడిపోతుంది. నెలకు 28 దినాలన్న లెక్క ఏ పంచాంగంలోనిదో గాని, ఆ లెక్కన ఏడాదికి పదమూడుసార్లు రీచార్జి చేయవలసివస్తుంది. నచ్చని సిమ్‌ను నంబరు పోతుందన్న భయంతో భరించనక్కరలేదు. నంబరు మారకుండానే సంస్థను మార్చుకునే సౌకర్యం 2011 జనవరి 20 నుండి దేశమంతటా ఉన్నది. ఉన్న సంస్థలో 90 దినాలు గడవడం, బకాయి లేకపోవడం అందుకు ముఖ్య నిబంధనలు.

వీటన్నిటికంటె పెద్ద లోపం మరొకటున్నది. ఇంట్లోని మంచి సిమ్ సాధారణంగా తండ్రి జేబులోని ఫోనులో ఉంటుంది. ఆయన పొలానికో కొలువుకో బయలుదేరగానే ఇంటి అంతర్జాలం కూడా గడప దాటుతుంది. ఆయన తిరిగివచ్చే వరకు ఆ ఇంటి ఆడపిల్ల పాఠం ఆగిపోతుంది. దానికి ఇంటి అంతర్జాలమని పేరు పెట్టుకోవడం సమంజసం కాదు. ఇంటికోసం కొన్న సిమ్ ఇంట్లోనే ఉండాలి. అందుకు ఖరీదైన పరికరమేదీ అక్కరలేదు. 4జీ పనిచేసే పాత ఫోను ఒకటి, అద్దం పగిలినదైనా సరే, సిగ్నల్ బాగా అందే కిటికీ పక్కన ఉంటే చాలు. పిల్లలు దానిలోనే పాఠం వినవచ్చు, లేదా హాట్‌స్పాట్ ద్వారా మరొక ఫోనుకు అందుకోవచ్చు.