షాంపేను పొంగింది... ఎవరి మీద?

మొన్న ఓ సినిమా విజయోత్సవ పార్టీకి వెళ్లాను. నిర్మాతగారు బిరడా తీయగానే సగం సీసా పొంగి కార్పెట్ పాలయింది. మిగిలింది గోరువెచ్చన! తిట్లు మాత్రం ప్రొడక్షన్ కుర్రాడు తిన్నాడు. "బోలెడు ఐసు వేశాను సార్" అన్నాడు పాపం. వేశాడు, నేనూ చూశాను. నీళ్లు పోయలేదు, అంతే. ఆ సంగతి అతనికెవరు చెప్పారు గనక!

ఉత్త ఐసుముక్కలు సీసాకి అక్కడక్కడే తగుల్తాయి. సగం ఐసు, సగం నీళ్లలో మెడదాకా ముంచితే అరగంటకి 10 డిగ్రీల దరికి దిగుతుంది. సీసాలో ఒత్తిడి కారు టైరుకి రెండు మూడింతలు. వెచ్చగా ఉంటే ఊరుకుంటుందా? వెండి బకెట్టే కావాలని ఎవరన్నారు? ఇంట్లో స్టీలు బకెట్టు (తోమాక సుమండీ!) భేషుగ్గా పనికొస్తుంది. ఫ్రిజ్‌లో అయితే నాలుగు గంటల ముందే పెట్టాలి. ఫ్రీజర్ జోలికి పోకండి, సీసా పగలొచ్చు.

ఇక గ్లాసులు. పాత హాలీవుడ్ చిత్రాల్లోని వెడల్పాటి కూపేలంటే మనవాళ్లకి మోజు. తెరమీద అందమే. చేతిలోకొచ్చేసరికి బుడగలు త్వరగా చస్తాయి, ఎవరి భుజమో తగిలితే పట్టుచీర తడుస్తుంది. సన్నని ఫ్లూట్‌లో బుడగలు నిలుస్తాయి గానీ వాసన అందదు. నా ఓటు నడుము కాస్త ఉబ్బి, మూతి దగ్గర ముడుచుకున్న ట్యులిప్ గ్లాసుకే. సబ్బు జిడ్డు మిగిల్తే బుడగలు నిలవవు, బాగా కడిగించండి. 750 మిల్లీలీటర్ల సీసాకి ఆరు గ్లాసులు. 40 మందికి తలో గ్లాసు చొప్పున ఏడు సీసాలు.

ఇదంతా కాగితం మీద రాసి, ఆ కుర్రాడికిద్దామని మర్నాడు ఆఫీసుకి ఫోన్ చేశాను.

"మానేశాడండీ" అన్నారు.

"మానేశాడా, మాన్పించారా?"

అవతల ఫోన్ పెట్టేశారు.