ఆటసామగ్రి వర్తకము: విలీనపు వదంతులు

ప్రొద్దుటూరు బంగారమునకును వస్త్రములకును పేరుగాంచిన పట్టణము. ఆ వర్తకవీథుల నడుమ క్రికెట్టు బ్యాట్లు, షటిలు రాకెట్లు, బూట్లు అమ్ము చిన్న అంగళ్లును కలవు. జమ్మలమడుగు, పులివెందులల యందును ఇట్టివి యున్నవి. వీనిని గూర్చి సంపాదకీయము వ్రాయవలసినంత విశేషమేమని పాఠకులలో కొందరు ఆశ్చర్యపడవచ్చును. అట్టివారు మాతోగూడ అమెరికాలోని సిడ్నీ యను ఊరికి ఒకమారు రావలెనని కోరుచున్నాము.

ఇది ఆస్ట్రేలియాలోని మహానగరము గాదు. నెబ్రాస్కా రాష్ట్రమున 7,000 జనమైనను లేని చిన్న పట్టణము. 1961లో కబేలా యను దంపతులు చేపలు పట్టుటకు వలయు కృత్రిమపు ఈగలను తపాలా మూలమున అమ్మసాగిరి. ఆ బేరమే పెరిగి, వేటగాండ్రకును విహారయాత్రికులకును గుడారములు, తుపాకులు, బూట్లు అమ్ము కబేలాస్ సంస్థయై, సిడ్నీలో ప్రధాన కార్యాలయము నెలకొల్పుకొన్నది. సుమారు 2,000 మందికి ఆ యూరనే కొలువు దొరకెను. 2004లో సంస్థ వాటాలు బజారు కెక్కెను. 2015 అక్టోబరులో ఎలియట్ అను పెట్టుబడి సంస్థ నూటికి 11కి మించిన వాటా కైవసము చేసికొని, అమ్మకమును గూర్చి యోచింపుడని ఒత్తిడి తెచ్చెను. నాటినుండియు విలీనపు వదంతులే. వాటాదారులు సంతోషించిరి, గుమాస్తాల యిండ్లలో నిద్ర కరవయ్యెను. తుదకు 2017 సెప్టెంబరులో బాస్ ప్రో షాప్స్ అను పోటీదారు సుమారు 500 కోట్ల డాలర్లకు దానిని కొనెను. సిడ్నీలోని యుద్యోగములలో పెక్కు పోయెను. కబేలాస్ దివాలా తీసినదా యనిన, లేదు, లాభములోనే యుండెను!

స్పోర్ట్స్ అథారిటీ కథ వేరు. 2006లో ఒక పెట్టుబడి సంస్థ అప్పుచేసి దానిని కొని, ఆ యప్పును దాని నెత్తిననే మోపెను. ఆ సంస్థ 2016 మార్చిలో సుమారు 110 కోట్ల డాలర్ల ఋణముతో న్యాయస్థానము నాశ్రయించెను. ఆ వేసవి ముగియక మునుపే 450కి పైబడిన అంగళ్లు మూతపడెను. మరుసటి యేట గాండర్ మౌంటెన్ సైతము దివాలా తీసెను. 2025లో డిక్స్ సంస్థ ఫుట్ లాకరును కలుపుకొన్నది.

మన యంగడివానికి వాటాబజారు లేదు, వదంతియు లేదు. అతని కొట్టు మూతపడిన నాడు పత్రికలలో వార్తయు రాదు. సరకు మీరటు, జలంధరుల నుండి వచ్చును. దాని సొమ్ము గడువునకు చెల్లింపవలెను. ఇచట మాత్రము పాఠశాలలకును, క్లబ్బులకును, పోటీలు నడపువారికిని అరువు పెట్టక తీరదు. గండికోట కడ పెన్న లోయ యంచున గుడారములు వేసికొని రేయి గడపు యువకులు నేడు పెక్కుమంది. ఆ గుడారములు బెంగుళూరులోని డెకాత్లాన్ వంటి విదేశీయుల యంగళ్ల నుండియో, ఫోనులో తెప్పించుకొనుటవలననో వచ్చుచున్నవి. చవుకగా దొరకిన చోట కొనువారిని మేము నిందింపము. కాని చేతిసొమ్మంతయు అరువులలో చిక్కుకొనియున్న జమ్మలమడుగు వర్తకుడు అట్టి క్రొత్త సరకును ఏ మూలధనముతో తెచ్చి నిలువచేయగలడు?

చిన్నవారి బాకీలు ఎక్కువలో ఎక్కువ 45 దినములలో తీర్పవలెనని 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టము విధించుచున్నది. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వము వర్తకులను గూడ ఆ పరిశ్రమల పట్టికలో చేర్చెను. చేర్చియు, బ్యాంకు ఋణములలో ప్రాధాన్యము తప్ప తక్కిన రక్షణ లేవియు వారికి లేవనెను. బ్యాటు చేయువానికి గల హక్కు దానిని అమ్మువానికి లేకుండుట యేమి న్యాయము? ఈ వ్యత్యాసమును తొలగింపుమని మన పార్లమెంటు సభ్యులు ప్రభుత్వము నడుగవలెను. అంతవరకు వేచియుండ నక్కరలేని పని యొకటి కలదు. ఈ మూడు పట్టణముల పాఠశాలల వారును, క్లబ్బుల వారును అంగళ్లలో తమ పేర నిలిచియున్న బాకీలను సంక్రాంతి పోటీలకు ముందే చెల్లింతురుగాక.