డొల్ల పలికే బండ



మన ఊళ్ళలో చాలా ఇళ్ళకు తాండూరు బండలో, టైల్సో ఉంటాయి. కొన్నాళ్ళకు వాటిలో ఏదో ఒకటి కాలు పెడితే టకటకమంటుంది, డొల్లగా పలుకుతుంది. సందుల్లో తెల్ల సిమెంటు పూసి, పైన చాప పరుస్తాం. చప్పుడు నాలుగు రోజులు తగ్గుతుంది. కానీ లోపం పైన లేదు. పరిచేటప్పుడు మాలు నిండుగా వేయకుండా అక్కడక్కడ ముద్దలు పెట్టి ఉంటారు, లేదా కింద మట్టి కుంగి ఉంటుంది. పని తెలిసిన మేస్త్రి ఆ బండ లేపుతాడు. పాత మాలు గీకి, తడిపి, కొత్త మాలు నిండుగా పరిచి, మట్టం చూసి మళ్ళీ వేస్తాడు. గట్టిపడేదాకా దానిమీద ఎవరినీ నడవనివ్వడు.

లేవీయకాండము 14వ అధ్యాయములో ఇంటి గోడకు పొడ పడితే ఏం చేయాలో దేవుడు చెప్పాడు. యాజకుడు వచ్చి చూసి, ఇంటిని ఏడు దినములు మూయించాలి. పొడ వ్యాపిస్తే ఆ రాళ్ళు ఊడదీయించి, గోడలు గీయించి, వేరే రాళ్ళు పెట్టించాలి. పైన సున్నం కొట్టి దాచమని ఎక్కడా లేదు.

మన సంఘాల్లో కాపురాల విషయంలో మనం చాప పరిచే పనే ఎక్కువ చేస్తున్నామని నా అభిప్రాయం. భర్త తాగి కొడుతున్నాడని ఒక సహోదరి వస్తే, "ఓర్చుకో అమ్మా, ప్రార్థన చెయ్యి, నలుగురిలో పరువు పోతుంది" అని పంపిస్తాం. ఆదివారం ఇద్దరూ ఆరాధనకు వస్తే సమాధానపడ్డారనుకుంటాం.

ప్రార్థన కావాలి. అయితే ప్రార్థన తప్పును కప్పే చాప కాదు, బండ లేపడానికి దేవుడిచ్చే బలం. ఆ భర్త పెద్దల ముందు నిజం ఒప్పుకోవాలి, తాగుడు మానడానికి వైద్యం చేయించుకోవాలి. మారాడని నడవడిలో కనబడేదాకా ఆమెను తిరిగి ఆ ఇంటికి పంపకూడదు. గృహహింస నుండి స్త్రీలకు రక్షణనిచ్చే చట్టం 2005లోనే వచ్చింది. 181కి ఫోన్ చేస్తే సహాయం దొరుకుతుంది. చట్టాన్ని ఆశ్రయించడం అవిశ్వాసం కాదు. అధికారులు దేవుని పరిచారకులని రోమా పత్రిక 13వ అధ్యాయములో పౌలు రాశాడు.

లేవీయకాండములో ఇంకో మాట గమనించండి. యాజకుడు పొడ చూడకముందే ఇల్లు ఖాళీ చేయించాలి, లోపలి వస్తువులు అపవిత్రం కాకూడదని. సామాను విషయంలోనే దేవుడు అంత జాగ్రత్త చూపితే, దెబ్బలు తింటున్న బిడ్డ విషయంలో సంఘానికి ఎంత జాగ్రత్త ఉండాలి!

ప్రభువు మన గృహములను పునాది మొదలుకొని బాగుచేయును గాక. ఆమేన్.