పేరెవరిది? పెత్తనమెవరిది?

2014 ఫిబ్రవరిలో విజయవాడయందు తెలుగు వికీపీడియా దశాబ్ది యుత్సవములు జరిగెను. జీతము బత్తెము లేక, తీరిక వేళలయందు మన గ్రామముల చరిత్రలు, కవుల జీవితములు వ్రాసి కూర్చిన స్వచ్ఛంద సేవకుల పండుగ యది. ఆ మాసముననే అమెరికాలోని వికీమీడియా ఫౌండేషను తన వాణిజ్యచిహ్నములకు నూతన నిబంధనావళిని ఆమోదించినది. ఉత్సవమునకు వచ్చినవారిలో నెందరు దానిని గమనించిరో! వికీపీడియా యను పేరు వ్రాసినవారిది కాదు. చట్టరీత్యా ఆ ఫౌండేషనుది. కాలువ త్రవ్వినవారొకరు, లాకు తాళపుచెవి మరొకరి చేత నున్నట్లున్నది వ్యవహారము.

పేరునకు కావలి వలదని మేమనము. కావలి లేనిచో ఏ వంచకుడైనను ఆ పేర దుకాణము తెరచి చందాలు దండుకొనగలడు. అయితే ఇచట నొక విచిత్రమున్నది. వ్యాసములను, వానిని నడపు మీడియావికీ సాఫ్ట్‌వేరును ఎవరైనను నకలు చేసికొనవచ్చును, మార్చుకొనవచ్చును; పేరును మాత్రము తీసికొనిపోరాదు. నాయకులతో సరిపడక విడిపోవువారు పంటనంతయు మోసికొనిపోవచ్చును గాని ఊరిపేరు చెప్పుకొనరాదన్నమాట. 2010లో ఓపెన్ ఆఫీసు సేవకులు ఒరాకిల్ కంపెనీ పెత్తనము సరిపడక వేరుపడినపుడు ఇదే జరిగినది. పాత పేరు వారికి దక్కలేదు. లిబ్రే ఆఫీసను క్రొత్త పేరుతో మరల మొదలిడవలసి వచ్చినది. పేరును బట్టియే పాఠకులు వెదకుకొని వచ్చు విజ్ఞాన సర్వస్వమున కట్టి సాహసము సులభము కాదు.

వికీమీడియాలో ఈ తగవు పలుమారులు రగిలినది. సేవకులలో నొకడు గీయగా అందరును వాడుకొనుచున్న సాముదాయిక చిహ్నమును ఫౌండేషను తన పేర రిజిస్టరు చేయింపబోగా, 2013లో కొందరు సేవకులు యూరపు వాణిజ్యచిహ్నముల కార్యాలయమున అభ్యంతరము దాఖలు చేసిరి. ఫౌండేషను చివరకు ఆ హక్కును వదలుకొన్నది. 2020లో ఫౌండేషను తానే వికీపీడియా పేరు ధరింపబూనినది. అభిప్రాయసేకరణ పత్రమున చూపిన మార్గములు మూడును ఆ పేరు గలవే. ఉన్న పేరే యుండనిండను వారికి అందు గడి లేదు! ఇదియా సంప్రదింపు? వందలకొలది సేవకులు బహిరంగలేఖపై సంతకములు చేయగా, ఆ యత్నము నిలిచిపోయినది.

మన దేశమున జరిగినది వేరు. 2011లో బెంగుళూరున ఏర్పడిన వికీమీడియా భారత శాఖకు 2019లో గుర్తింపు రద్దయినది. నిబంధనలు నెరవేరలేదని ఫౌండేషను చెప్పినది. ఆ నిర్ణయము న్యాయమే కావచ్చును. కాని పేరు వాడుకొను హక్కు నిచ్చుటకు గాని, తీసికొనుటకు గాని ఇక్కడి వ్రాతగాండ్ర వోటుతో పనిలేకపోయెను.

మన కొండపల్లి బొమ్మలను చూడుడు. ఆ పేరు 1999 నాటి భౌగోళిక సూచికల చట్టము క్రింద రిజిస్టరైనది. అట్టి పేరును అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు. బొమ్మలు చేయువారు తామును దానికి హక్కుదారులుగా నమోదు కావచ్చును. వాణిజ్యచిహ్న మట్లు కాదు, యజమాని తలచినచో అమ్ముకొనవచ్చును.

2020లో సవరించిన నియమావళి ప్రకారము ఫౌండేషను ధర్మకర్తలు 16 మంది వరకు ఉండవచ్చును. అందు సేవకులును వారి సంఘములును ఎన్నుకొను స్థానములు 8కి మించవు. పేర్ల విషయమునను, చిహ్నముల విషయమునను మార్పు తలపెట్టినపుడైనను, సేవకుల వోటు లేనిదే అది చెల్లదని ఆ నియమావళియందు వ్రాయవలెను. తెలుగున లక్షకు మించిన వ్యాసములను కూర్చినవారు ఈ కోరికను ముందుగా పెట్టుటకు ఎవరి యనుమతియు నక్కరలేదు.