మన దిగులుకు సందేశం ఉండాలా?

ఇరవైల్లో ఉన్న ఒక కుర్రాడు రాసుకున్న ప్రేమ బాధను, నలభైల్లో పడ్డ జనం హాలంతా కలిసి గొంతెత్తి పాడటం ఆస్టిన్‌లో చూశాను. అమెరికాలోని టెక్సస్ రాజధాని అది. కచేరీ డాష్‌బోర్డ్ కన్ఫెషనల్‌ది. క్రిస్ కరాబా 1999లో ఫ్లోరిడాలో అకౌస్టిక్ గిటార్ పట్టుకుని ఒక్కడే మొదలుపెట్టాడు. 2000లో మొదటి ఆల్బమ్ వచ్చింది. 2002లో ఎంటీవీ అన్‌ప్లగ్డ్‌లో ఆయన పాడుతుంటే జనమే పాట అందుకున్నారు. ఇప్పటికీ అంతే. నా పక్కన ఒక బట్టతలాయన భార్య భుజం మీద చెయ్యేసి, ఎప్పుడో ఎవరో వదిలేసి వెళ్లిన పాట పాడుతున్నాడు. ఆవిడా పాడుతోంది! ఇందులో సందేశం ఏమిటని ఒక్కరూ అడగలేదు.

దీన్ని ఎమో అంటారు. 1980ల నడుమ వాషింగ్టన్ హార్డ్‌కోర్ పంక్‌లోంచి పుట్టింది. కోపంతో అరిచే చోట కొందరు తమ దిగులును కూడా అరిచారు. దీని మీద విమర్శ లేకపోలేదు. ఈ పాటల్లో ఆడపిల్ల మగాడి గాయానికి కారణంగా తప్ప మనిషిగా కనబడదని జెస్సికా హాపర్ 2003లో పంక్ ప్లానెట్ పత్రికలో నిలదీసింది. న్యాయమైన మాట.

ఇంకో సంగతి. ఆస్టిన్ 1991 నుంచి తనను ప్రపంచ లైవ్ మ్యూజిక్ రాజధానిగా చెప్పుకుంటోంది. ఈ ఊరికీ ఒక వాడ ఉంది మిత్రులారా. 1928 నగర ప్రణాళిక నల్లజాతి వాళ్ల బడులూ పార్కులూ తూర్పు వైపే పెట్టి, వాళ్లను అటు నెట్టింది. తర్వాత ఆ సరిహద్దు మీదే ఇంటర్‌స్టేట్ 35 రహదారి పడింది. ఆ తూర్పున 11వ వీధిలో, యుద్ధం నుంచి తిరిగొచ్చిన నల్ల సైనికుల కోసం 1945లో విక్టరీ గ్రిల్ తెరిచారు. బి.బి. కింగ్ అక్కడ పాడాడు. బ్లూస్‌లో ఉన్నదీ ప్రేమే, ఒంటరితనమే. వాళ్ల పాట ఊళ్లోకి వచ్చింది గానీ, వాళ్లకు ఊళ్లో చోటు దొరకలేదు.

మన దగ్గర? కృష్ణశాస్త్రి దిగులును భావకవిత్వం అన్నాం, కారణం అడగలేదు. 1941లో జాషువా ‘గబ్బిలం’ రాశాడు. గుళ్లోకి తనను రానివ్వరు కాబట్టి, గుళ్లో వేలాడే గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి కబురు పంపే మనిషి కథ. నేను చూసిన ప్రశ్నపత్రాలన్నీ అందులో సామాజిక సందేశమే అడిగాయి. గోడు వెళ్లబోసుకోవడానికి గబ్బిలం తప్ప ఇంకెవరూ లేని ఆ మనిషి ఒంటరితనం మీద రెండు మార్కుల బిట్టు కూడా లేదు.

మన పిల్లాడు ప్రేమ కవిత తెస్తే “ఇందులో నీ అస్తిత్వం ఏదిరా?” అని అడిగేది పైకులాల సార్లే కాదు, మన సంఘం అన్నలు కూడా.

కరాబా పాటలు అక్కడ మోగుతున్న రోజుల్లోనే మా సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఆర్.పి. పట్నాయక్ పాటలు మోగేవి. 2001లో వచ్చిన ‘నువ్వు నేను’ క్యాసెట్టు అరిగిపోయింది. నీళ్లచారు తిని, ట్రంకు పెట్టెల మధ్య పడుకుని ఏడ్చిన పిల్లలం. ఆ ఏడుపులో ఆకలి ఉంది, కులం ఉంది, ప్రేమా ఉంది. మొదటి రెండూ మన ఆత్మకథల్లోకి ఎక్కాయి. మూడోది చాలావరకు ఆ ట్రంకు పెట్టెల్లోనే ఉండిపోయింది.

కాబట్టి తమ్ముళ్లూ చెల్లెళ్లూ, నినాదం రాయండి. పక్క పేజీలో ఫోనెత్తని మనిషి గురించి కూడా రాయండి. చెల్లెళ్లు ముందు రాయాలి, ఎమో కుర్రాళ్లు చేసిన తప్పు మనకొద్దు. దిగులుకు కారణం చూపించమని ఎవరన్నా అడిగితే, చూపించకండి.

జై భీమ్.