ప్రతిబింబం వేరు, ప్రతి వేరు

ఇంటి కంప్యూటరులో రెండు డిస్కులు అమర్చి, ఒకదానిలో వ్రాసినదంతా అదే క్షణంలో రెండవదానిలోనూ వ్రాయించే ఏర్పాటుకు మిర్రరింగ్ అని పేరు. 1988లో బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ తమ పత్రంలో రెయిడ్ పద్ధతులను వర్గీకరించి, దీనిని మొదటి స్థాయిగా పేర్కొన్నారు. ఒక డిస్కు చెడినా పని ఆగదు. బ్యాంకుకు, ఆసుపత్రికి ఇది ప్రాణావసరం. ఇంటి కంప్యూటరు రెండు రోజులు మూలపడితే మునిగిపోయేదేమీ లేదు. ప్రవాస కుటుంబానికి పోకూడనివి పిల్లల తొలి అడుగుల చిత్రాలు, ఊళ్ళోని అమ్మమ్మ గొంతు.

అద్దానికి విచక్షణ లేదు. పొరపాటున తుడిచివేసిన ఫైలు రెండు డిస్కులలోనూ ఒక్కసారే మాయమవుతుంది. 2017 మే నెలలో దేశదేశాలకు వ్యాపించిన వన్నాక్రై, ఫైళ్ళకు రహస్యలిపి తాళం వేసి సొమ్ము అడిగింది. అటువంటి దానికి డిస్కు ఒకటైనా రెండైనా ఒకటే. దొంగ సంగతి చెప్పనే అక్కరలేదు, పెట్టెను పెట్టెగానే ఎత్తుకుపోతాడు.

వారానికొకసారి బ్యాకప్ తీసేవారికి నడుమ ఆరు రోజుల పని పోవచ్చుననే ఆక్షేపణ ఉన్నది. అది న్యాయమైనదే. కాని ఆరు రోజుల నష్టం, ఇరవై ఏళ్ళ నష్టం ఒక తక్కెడలో తూగేవి కావు.

బ్యాకప్ ఉన్నదని నిశ్చింతగా ఉండడమూ ప్రమాదమే. 1998లో పిక్సార్ సంస్థలో ‘టాయ్ స్టోరీ 2’ తయారవుతుండగా, ఒక్క తప్పుడు ఆదేశంతో చిత్రం ఫైళ్ళు చాలావరకు చెరిగిపోయాయి. బ్యాకప్ సక్రమంగా జరగడం లేదని అప్పుడుగాని తెలియలేదు. పసిబిడ్డ కారణంగా ఇంటినుండి పనిచేస్తున్న గాలిన్ సుస్మన్ కంప్యూటరులోని ప్రతి వారిని ఆదుకున్నది. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి, కారులో పదిలంగా తీసుకువచ్చారు. అంత పెద్ద సంస్థను గట్టెక్కించినది వేరే ఇంట్లో ఉన్న ఒక ప్రతి!

కనుక రెండవ డిస్కు కొనగల స్తోమత ఉన్నవారు దానిని కంప్యూటరు లోపల బిగించకుండా, ప్రతి తీసేటప్పుడు మాత్రమే తగిలించి, తరువాత ఊడదీసి బీరువాలో ఉంచడం మేలు. వీలైతే మూడవది అన్నగారింట్లోనో స్నేహితులింట్లోనో ఉండాలి. ఆరు నెలలకొకసారి ఆ డిస్కును మరొక కంప్యూటరుకు తగిలించి, పాత ఫోటోలు నాలుగైదు తెరిచి చూడాలి. ఆ పని పిల్లలకు అప్పగిస్తే అమ్మమ్మ గొంతు వారూ వింటారు.