ఊరు దివాలా తీస్తే...

ఇల్లు దివాలా తీయడం మనకు తెలుసు. చీటీల కంపెనీ దివాలా తీయడం ఇంకా బాగా తెలుసు. మరి ఊరికి ఊరే దివాలా తీయడం ఎప్పుడైనా విన్నారా? అదీ ఏ మారుమూల పల్లెటూరో కాదు. పదకొండు లక్షల పైచిలుకు జనం ఉన్న బర్మింగ్‌హామ్. మన పిల్లలు చదువుకని, ఉద్యోగానికని వెళ్తున్న ఊరు.

2023 సెప్టెంబరు 5న ఆ సిటీ కౌన్సిల్ చేతులెత్తేసింది. 'ఇకనుంచి అత్యవసరం కాని ఖర్చు ఒక్క పౌండు కూడా పెట్టం' అని నోటీసు ఇచ్చింది. సరిగ్గా నెల తిరిగేసరికి లండన్ నుంచి కమిషనర్లు దిగారు. కమిషనర్ అనగానే మన మున్సిపల్ కమిషనర్ గారిని ఊహించుకోకండి. వీళ్లు వేరు. కేంద్ర మంత్రి పంపగా వచ్చి, కౌన్సిల్ నెత్తిన కూర్చుని, 'ఈ ఖర్చు పెట్టు, ఆ ఖర్చు మానెయ్' అని చెప్పే పెత్తందార్లు. రోజుకు వెయ్యి పౌండ్ల పైనే భత్యం. ఆ భత్యం ఇచ్చేదెవరనుకున్నారు? డబ్బుల్లేవని ఏడుస్తున్న ఆ కౌన్సిలే!

నిజానికి ఇంగ్లండు చట్టంలో కౌన్సిల్ దివాలా అనే మాటే లేదు. జప్తులుండవు, వేలంపాటలుండవు. ఉన్నదల్లా 1988 నాటి స్థానిక ఆర్థిక చట్టంలోని 114వ సెక్షన్. ప్రతి కౌన్సిల్‌లోనూ లెక్కలు చూసే పెద్ద అధికారి ఒకరుంటారు. ఏడాది రాబడికి మించి ఖర్చు అయ్యేట్టుందని తేలితే ఆయన నోటీసు ఇచ్చి తీరాలి. ఇవ్వొచ్చు అని కాదు, ఇవ్వాల్సిందే. పాలక పార్టీ కన్నెర్ర చేసినా, బతిమాలినా సరే. నోటీసు పడ్డాక 21 రోజుల్లో కౌన్సిల్ మొత్తం కూర్చుని ఏం చేస్తారో చెప్పాలి. ఈలోగా కొత్త ఖర్చులు బంద్. ముసలివాళ్ల సంరక్షణ, దిక్కులేని పిల్లల బాధ్యత, చెత్త ఎత్తడం లాంటి చట్టం తప్పనిసరి చేసిన పనులు మాత్రం ఆగవు. లైబ్రరీలు కూడా ఉండాలనే చట్టం చెబుతోంది. ఎన్ని ఉండాలో మాత్రం చెప్పలేదు. కత్తెర ముందుగా అటువైపు వెళ్లేది అందుకే.

రోజువారీ ఖర్చులకు కౌన్సిల్ అప్పు చేయకూడదు. ఇది అక్కడి గట్టి నియమం. జీతాలివ్వడానికి బాండ్లమ్మే మన రాష్ట్రాలు చూస్తే ఆశ్చర్యపోయే నియమం.

మరి బర్మింగ్‌హామ్ ఎలా మునిగింది? ఈ కథ బడి వంటావిడతో మొదలవుతుంది.

ఏళ్ల తరబడి కౌన్సిల్‌లో వంటవాళ్లు, ఊడ్చేవాళ్లు, ముసలివాళ్లను చూసుకునే ఆయాలు ఎక్కువగా ఆడవాళ్లు. చెత్త బండి మీద, రోడ్ల మీద పనిచేసేవాళ్లు ఎక్కువగా మగవాళ్లు. గ్రేడు ఒకటే. కానీ మగవాళ్లకు బోనసులు వచ్చేవి, ఆడవాళ్లకు రాలేదు. మాజీ ఉద్యోగినులు సుమారు 170 మంది కోర్టుకెక్కారు. ఆరు నెలల్లో ట్రిబ్యునల్‌కు రాలేదు కాబట్టి కేసు చెల్లదని కౌన్సిల్ వాదించింది. 2012 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. ఆరేళ్ల దాకా మామూలు కోర్టుకు వెళ్లొచ్చని తేల్చింది. అక్కడినుంచి కేసుల వరద. దశాబ్దం తిరిగేసరికి కౌన్సిల్ సుమారు 110 కోట్ల పౌండ్లు చెల్లించింది. ఆ డబ్బు కోసం ఊరికే గర్వకారణమైన నేషనల్ ఎగ్జిబిషన్ సెంటర్ వ్యాపారాన్ని 2015లో అమ్మేసుకుంది.

అంత చెల్లించీ అసమానత పూర్తిగా పోలేదు. 2023లో ఇంకా 65 నుంచి 76 కోట్ల పౌండ్లు బాకీ పడొచ్చని లెక్క వేశారు. మన లెక్కలో ఏడున్నర వేల కోట్ల రూపాయల పైమాటే. ఆ అంచనా మరీ ఎక్కువగా వేశారని తర్వాత విమర్శలొచ్చాయి, అది వేరే సంగతి. దీనికి తోడు కొత్త కంప్యూటర్ వ్యవస్థ. 1.9 కోట్ల పౌండ్లతో అయిపోతుందన్నది సుమారు పది కోట్లకు చేరింది. అంత పోసినా లెక్కలు సరిగా రాలేదు. లెక్కలు రాసే యంత్రమే చెడిపోతే ఎంత డబ్బుందో, ఎంత లేదో ఎవరికి తెలుస్తుంది?

ఇదంతా జరిగింది మరే ఊళ్లోనో అయితే ఇంత చెప్పుకోవలసిన పని లేదు. బర్మింగ్‌హామ్ సంగతి వేరు. మునిసిపాలిటీ అంటే ఇలా ఉండాలి అని ప్రపంచానికి చూపించిన ఊరది. 1873లో జోసెఫ్ చాంబర్లిన్ అనే మర మేకుల వ్యాపారి మేయరయ్యాడు. మూడేళ్లలో గ్యాస్ కంపెనీలనూ, నీళ్ల కంపెనీనీ ఊరిపరం చేశాడు. గ్యాస్ మీద వచ్చే లాభంతో ఊరు బాగుచేయొచ్చన్నాడు, చేసి చూపించాడు. మురికివాడలు కూల్చి పెద్ద వీధి వేయించాడు. 1904 నాటికి వేల్స్ కొండల్లోంచి గొట్టాల్లో మంచినీళ్లు ఊరికి వచ్చాయి.

ఆయన కొడుకు నెవిల్ చాంబర్లిన్. హిట్లర్‌తో ఒప్పందం చేసుకొచ్చిన ప్రధానిగా మనకు చరిత్ర పాఠంలో తగిలినాయన. అంతకుముందు ఆయనా బర్మింగ్‌హామ్ లార్డ్ మేయరే. 1926లో ఆరోగ్య మంత్రిగా ఉన్నప్పుడు ఒక చట్టం తెచ్చాడు. పేదలకు ఎక్కువ సాయం పంచి అప్పుల పాలయ్యారంటూ వెస్ట్ హామ్, చెస్టర్-లీ-స్ట్రీట్, బెడ్‌వెల్టీ అనే మూడుచోట్ల జనం ఎన్నుకున్న పేదల సంరక్షక బోర్డులను పక్కకు నెట్టి, తన మనుషులను కూర్చోబెట్టాడు. ఊరు అప్పులపాలైతే లండన్ నుంచి మనుషులొచ్చే అలవాటుకు ఆనాడే బాట పడింది. తండ్రి ఊరికి అధికారం తెస్తే, కొడుకు ఊళ్లమీదికి అధికారులను పంపాడు. తొంభై ఏడేళ్ల తర్వాత ఆ అధికారులు వాళ్ల సొంతూరికే వచ్చారు.

వెస్ట్ హామ్‌కు దగ్గర్లోనే పోప్లర్ ఉంది. తూర్పు లండన్‌లో పేదల పేట. 1921లో అక్కడి కౌన్సిలర్లు ఎదురు తిరిగారు. లండన్ మొత్తానికి కట్టాల్సిన వాటా మేం కట్టం, ఆ డబ్బు మా పేదలకు కావాలి, ధనికుల పేటలు కూడా మా భారం పంచుకోవాలి అన్నారు. జార్జ్ లాన్స్‌బరీతో కలిపి ముప్పైమంది జైలుకెళ్లారు. అందులో ఐదుగురు ఆడవాళ్లు, వాళ్లలో ఒకావిడ నిండు గర్భిణి. ఆరు వారాలు జైల్లో ఉన్నారు, జైల్లోనే కౌన్సిల్ మీటింగులు పెట్టుకున్నారు! చివరికి ప్రభుత్వమే దిగొచ్చి, భారం పంచే చట్టం చేసింది. కౌన్సిల్ లెక్కల వెనక ఎప్పుడూ ఉండే ప్రశ్న ఇదే. ఎక్కువ పేదలున్న ఊళ్లో ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ. తేడా ఎవరు పూడ్చాలి?

2010 తర్వాత ఆ తేడా పూడ్చే చెయ్యి చిన్నదైపోయింది. 2010-11 నుంచి 2017-18 మధ్య కౌన్సిళ్లకు కేంద్రం ఇచ్చే నిధులు ధరల పెరుగుదల తీసేసి చూస్తే 49 శాతం తగ్గాయని అక్కడి జాతీయ ఆడిట్ ఆఫీసే తేల్చింది. పన్ను పెంచుకుందామంటే కేంద్రం గీసిన గీత ఉంది. అది దాటాలంటే ఊళ్లో ఓటింగు పెట్టాలి, లేదా మంత్రిగారి అనుమతి తెచ్చుకోవాలి. ఆ పన్నయినా దేనిమీద? ఇంటి విలువ మీద. ఏనాటి విలువ? 1991 నాటిది. నిన్న కట్టిన ఇంటికి కూడా 'ఇది 1991లో ఉండుంటే ఎంత పలికేది' అని ఊహించి పన్ను వేస్తారు. మన ఇంటిపన్ను లెక్కలను మనం ఊరికే తిట్టుకుంటాం.

ఇంకో పని కూడా చేశారు. కౌన్సిళ్ల లెక్కలు చూసే ఆడిట్ కమిషన్‌ను రద్దు చేస్తామని 2010లో ప్రకటించి, 2015లో మూసేశారు. దానికి ఖర్చు దండగ అన్నారు. తర్వాత ఏమైందంటే, 2022-23 లెక్కల్లో గడువులోగా ఆడిట్ పూర్తయినవి నూటికి ఒకటి. కాపలావాణ్ని మాన్పించి దొంగతనాలు ఎందుకు పెరిగాయని విచారణ వేసినట్టుంది ఇది.

రాబడి తగ్గిన కౌన్సిళ్లు ఏం చేశాయి? కొన్ని వ్యాపారంలో దిగాయి. ఇక్కడ వోకింగ్ గురించి చెప్పుకోవాలి. లండన్‌కు నైరుతిలో లక్ష జనాభా ఉన్న ఊరు. మన తాడేపల్లిగూడెం అంత. హెచ్.జి.వెల్స్ నవల్లో అంగారక గ్రహవాసులు మొదట దిగింది ఈ ఊరి శివార్లలోనే. వాళ్ల తర్వాత ఆ ఊరిమీద పడ్డవి ఆకాశహర్మ్యాలు. ప్రభుత్వ రుణ బోర్డు చౌక వడ్డీకి, పెద్దగా ప్రశ్నలు వేయకుండా అప్పిస్తోంది కదా అని కౌన్సిల్ అప్పుమీద అప్పు చేసి టవర్లు, హోటలు కట్టింది. 2023 జూన్‌లో నోటీసు ఇచ్చేనాటికి అప్పు 180 కోట్ల పౌండ్లు. పసిపాపతో సహా తలకు 18 వేల పౌండ్లు. ఆ ఏడాది కౌన్సిల్ చేతిలో ఉన్నది 1.6 కోట్లు. లోటు 120 కోట్లు. ఇది చదువుతూ తాడేపల్లిగూడెం మునిసిపాలిటీ ఫైవ్‌స్టార్ హోటలు కట్టడాన్ని ఊహించుకోండి.

థర్రాక్ కౌన్సిల్ సౌర విద్యుత్ పెట్టుబడుల్లో మునిగింది. నాటింగ్‌హామ్ కరెంటు కంపెనీ పెట్టి, దానికి రాబిన్‌హుడ్ పేరు పెట్టి, కోట్ల పౌండ్లు పోగొట్టుకుంది. రాబిన్‌హుడ్ ఉన్నవాళ్ల దగ్గర కొట్టి లేనివాళ్లకిచ్చేవాడట. ఈ కంపెనీ తీసుకుంది లేనివాళ్ల దగ్గరే. క్రాయిడన్ రెండేళ్లలో మూడు నోటీసులిచ్చింది. ప్రభుత్వ రుణ బోర్డు కళ్లు తెరిచి, లాభం కోసం ఆస్తులు కొనేవాళ్లకు అప్పు లేదు పొమ్మన్నది 2020 నవంబరులో. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది.

ఈ వరసకు ఆద్యురాలు నార్తాంప్టన్‌షైర్. 2018 ఫిబ్రవరిలో నోటీసు ఇచ్చింది. దానికి కొన్ని నెలల ముందే 5.3 కోట్ల పౌండ్లతో ధగధగలాడే కొత్త ఆఫీసు ప్రారంభించుకుంది. తర్వాత అదే ఆఫీసును అమ్మేసి, అందులోనే అద్దెకుంది! అక్కడ తనిఖీకి వెళ్లిన మాక్స్ కాలర్ అనే అధికారి, ఈ కౌన్సిల్‌ను బాగుచేయడం కన్నా రద్దు చేసి రెండు కొత్తవి పెట్టడం మేలని రాశాడు. 2021 ఏప్రిల్ 1న అలాగే చేశారు. బర్మింగ్‌హామ్‌కు మొదటి కమిషనర్ల బృందానికి పెద్దగా వచ్చింది కూడా ఆయనే.

కమిషనర్లు వస్తే ఎన్నికైనవాళ్లు ఇంటికి పోతారా? పోరు. మనకూ వాళ్లకూ తేడా ఇక్కడుంది. మన దగ్గర ప్రత్యేకాధికారి పాలన అంటే కౌన్సిలే ఉండదు. విశాఖపట్నంలో 2012లో పాలకవర్గం గడువు తీరితే, మళ్లీ ఎన్నికలు జరిగింది 2021లో. అక్కడ కౌన్సిలర్లు ఉంటారు, ఎన్నికలు జరుగుతాయి, మీటింగులూ జరుగుతాయి. కానీ డబ్బు విషయంలో ఆఖరి మాట కమిషనర్‌ది. పదవి ఉంటుంది, తాళంచెవి ఉండదు. ఏది మేలో నేను చెప్పలేను గానీ, తిట్టడానికైనా ఊళ్లో ఒక కౌన్సిలర్ ఉండటం చిన్న విషయం కాదు.

కేంద్రం సాయం చేయదా అంటే, చేస్తుంది. దాని పేరు అసాధారణ ఆర్థిక సాయం. పేరు చూసి మోసపోవద్దు. చాలావరకు అది డబ్బు కాదు, అనుమతి. 'మీ ఆస్తులమ్ముకుని, లేదా అప్పు చేసి, ఈ ఏడాది జీతాలిచ్చుకోండి' అనే అనుమతి. 2025-26లో అలాంటి అనుమతి తెచ్చుకున్న కౌన్సిళ్లు 30. అసాధారణం అన్నమాటకు అర్థం మార్చాల్సిందే.

ఇక బర్మింగ్‌హామ్ జనం మాట. 2024లో కౌన్సిల్ పన్ను 9.99 శాతం పెరిగింది, 2025లో మరో 7.49 శాతం. ఫుల్‌టైమ్ చదువుకునే పిల్లలకు ఈ పన్ను ఉండదు కాబట్టి మనవాళ్లకు మొదట తెలియదు. ఉద్యోగం రాగానే బిల్లు గుమ్మంలో పడుతుంది. అప్పుడు ఇండియాకు ఫోన్ వస్తుంది, 'నాన్నా, ఇక్కడ పన్ను నెలనెలా కట్టాలట' అని.

2025 మార్చిలో చెత్త కార్మికులు పూర్తి సమ్మెకు దిగారు. చెత్త బండి మీద ఒక గ్రేడు ఉద్యోగాన్ని కౌన్సిల్ తీసేస్తానంది. ఎందుకట? అది ఉంచితే మళ్లీ ఆడవాళ్ల సమాన వేతనం కేసులు వస్తాయట. వంటావిడకు న్యాయం చేయడానికి బండి మీది మనిషి జీతం కోస్తామంటే అతనేం చేస్తాడు? వీధుల్లో వేల టన్నుల చెత్త పేరుకుంది, ఎలుకలు వీరవిహారం చేశాయి. ఆ ఏడాది ముగిసినా తగువు తెగలేదు.

వోకింగ్ అప్పులో 50 కోట్ల పౌండ్లు తానే తీరుస్తానని కేంద్రం 2025 అక్టోబరులో ప్రకటించింది. సర్రే జిల్లా మొత్తాన్ని రెండు పెద్ద కౌన్సిళ్లుగా మార్చి, 2027 ఏప్రిల్‌లో వోకింగ్ కౌన్సిల్‌ను అందులో కలిపేయాలని నిర్ణయం. మిగిలిన అప్పు సంగతేమిటని పక్క ఊళ్లవాళ్లు ఇప్పటినుంచే అడుగుతున్నారు. టవర్లు కట్టించింది వాళ్లు కాదు కదా. ఇక బర్మింగ్‌హామ్ కమిషనర్లకు ఇచ్చిన గడువు 2028 అక్టోబరు దాకా ఉంది.